“వాళ్ల వంశంలోనే ఉంది”: మానసిక వ్యాధి, జన్యువు, చట్టం

2007లో ఇంగ్లండులో ఒక వ్యక్తి తన భార్యను చంపాడు. మానసిక స్థితి దెబ్బతిన్న దశలో చేసిన నేరంగా భావించి కోర్టు అతణ్ని జైలుకు బదులు మానసిక వైద్యశాలకు పంపింది. రెండేళ్ల తర్వాత అతనికి హంటింగ్టన్ వ్యాధి ఉందని తేలింది. ఇది ఒకే ఒక్క జన్యువులోని లోపం వల్ల వచ్చే జబ్బు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. ఎక్కువమందిలో ముప్పై దాటాక బయటపడుతుంది. మొదట కోపం, దిగులు, ప్రవర్తనలో మార్పులు కనిపిస్తాయి. తర్వాత కదలికలు అదుపు తప్పుతాయి, ఆలోచించే శక్తి క్రమంగా సన్నగిల్లుతుంది. నయం చేసే మందు లేదు.

ఆ సమయానికి అతని కూతురు గర్భవతి. విషయం పిల్లలకు చెబుదామని వైద్యులు అడిగితే అతను ఒప్పుకోలేదు. తెలిస్తే కుంగిపోతారని, గర్భం తీయించుకుంటారేమోనని అతని భయం. వైద్యులు ఆగిపోయారు. 2010 ఏప్రిల్‌లో ఆమెకు బిడ్డ పుట్టింది. ఆగస్టులో ఒక వైద్యుడు పొరపాటున నోరు జారడంతో తండ్రి జబ్బు సంగతి ఆమెకు తెలిసింది. 2013లో పరీక్ష చేయించుకుంటే ఆమెకూ ఆ జన్యువు ఉన్నట్టు తేలింది. నాకు ముందే చెప్పి ఉంటే ఆ బిడ్డను కనేదాన్ని కాదంటూ ఆమె ఆసుపత్రులపై దావా వేసింది.

2015లో హైకోర్టు ఆ దావాను విచారణకు ముందే కొట్టేసింది. 2017లో అప్పీలు కోర్టు దాన్ని బతికించింది. 2020 ఫిబ్రవరిలో వచ్చిన తీర్పులో ఆమె ఓడిపోయింది, కానీ న్యాయసూత్రం మాత్రం ఆమె వైపే నిలిచింది. రోగి రహస్యాన్ని కాపాడటం ఎంత ముఖ్యమో, ఆ రహస్యం వల్ల తీవ్రంగా నష్టపోయే దగ్గరి బంధువు ప్రయోజనాన్ని దానితో తూచి చూడటం కూడా వైద్యుల బాధ్యతేనని కోర్టు చెప్పింది. ఈ కేసులో వాళ్లు తూచి చూశాకే మౌనంగా ఉండాలని నిర్ణయించుకున్నారు కాబట్టి తప్పు పట్టలేమంది. ముందే చెప్పినా ఆమె గర్భం తీయించుకునేదని నిరూపణ కాలేదని కూడా చెప్పింది.

ఇదే మన దగ్గర జరిగితే? మన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 23వ సెక్షన్ రోగి వివరాలను గోప్యంగా ఉంచాలంటుంది. కొన్ని మినహాయింపులూ ఇస్తుంది. వాటిలో ఒకటి, మరో వ్యక్తిని హాని నుంచో హింస నుంచో కాపాడటానికి అవసరమైనంత మేరకు సమాచారం వెల్లడించవచ్చని. ఆ వాక్యం రాసినవారి మనసులో ఉన్నది చంపుతానని బెదిరించే రోగి వంటి సందర్భం. రక్తంలో మోసుకొచ్చే ప్రమాదం కూడా ‘హాని’ కిందికి వస్తుందా? వస్తుందని ఒక లాయరు, రాదని మరో లాయరు గట్టిగా వాదించగలరు. నా మట్టుకు, హంటింగ్టన్ వంటి ఒక్క జన్యువు జబ్బుల విషయంలో వస్తుందనే వాదనకే బలం ఎక్కువ అనిపిస్తుంది.

అయితే హంటింగ్టన్ ఉదాహరణ మనల్ని తేలిగ్గా తప్పుదారి పట్టిస్తుంది. మానసిక వ్యాధులన్నీ అలాగే వస్తాయని జనం అనుకుంటారు. చాలా చట్టాలూ ఒకప్పుడు అలాగే అనుకున్నాయి. అసలు చిక్కంతా అక్కడ మొదలైంది.

పది శాతాన్ని రెండు రకాలుగా చదవవచ్చు

లేని గొంతులు వినిపించడం, లేనిపోని నమ్మకాలు పట్టుకోవడం వంటివి ఉండే తీవ్రమైన మానసిక వ్యాధి స్కిజోఫ్రీనియానే తీసుకుందాం. ఎవరికైనా జీవితకాలంలో అది వచ్చే అవకాశం సుమారు 1 శాతం. తల్లికో తండ్రికో ఉంటే అది సుమారు 10 శాతానికి పెరుగుతుంది. “పది రెట్లు పెరిగింది” అని చెబితే గుండె గుభేలుమంటుంది. “అలాంటి పిల్లల్లో నూటికి తొంభై మందికి రాదు” అని చెబితే ఊపిరి పీల్చుకుంటాం. రెండూ ఒకే లెక్క. పెళ్లి సంబంధాల దగ్గర ఎప్పుడూ మొదటి వాక్యమే వినిపిస్తుంది.

జన్యువులు పూర్తిగా ఒకటే అయిన కవలల్లో ఒకరికి ఈ జబ్బు ఉన్నా, సుమారు సగం జంటల్లో రెండోవారికి రాదు. మరోవైపు, ఈ జబ్బు ఉన్నవారిలో ఎక్కువమందికి తల్లిదండ్రుల్లో గాని తోబుట్టువుల్లో గాని అది ఉన్నవారు ఎవరూ ఉండరు. మరి “స్కిజోఫ్రీనియా 80 శాతం వంశపారంపర్యం” అని పత్రికల్లో వచ్చే మాట అబద్ధమా? అబద్ధం కాదు గాని, చాలామంది అర్థం చేసుకునే తీరు తప్పు. ఒక జనసమూహంలో కొందరికి జబ్బు రావడానికీ మరికొందరికి రాకపోవడానికీ ఉన్న తేడాలో ఎంత భాగాన్ని జన్యువుల తేడాలతో వివరించవచ్చో ఆ అంకె చెబుతుంది. మీకు జబ్బు వచ్చే అవకాశం 80 శాతం అని అది చెప్పదు. మీ జబ్బుకు 80 శాతం కారణం మీ నాన్న అని అసలే చెప్పదు.

జన్యువు ఒకటి కాదు, వందలు. 2022లో వెలువడిన ఒక పెద్ద అంతర్జాతీయ పరిశోధన స్కిజోఫ్రీనియాతో సంబంధం ఉన్న 287 చోట్లను మన జన్యుపటంలో గుర్తించింది. ఒక్కొక్కదాని ప్రభావం అతిస్వల్పం, వాటిలో కొన్ని మనందరిలోనూ ఉంటాయి. వీటన్నిటినీ కూడి ఒక స్కోరు తయారు చేయవచ్చు గాని, ఆ స్కోరు పెద్ద గుంపుల గురించి కొంత చెబుతుందే తప్ప, మన ముందు కూర్చున్న మనిషికి జబ్బు వస్తుందో రాదో చెప్పలేదు. పైగా ఇలాంటి పరిశోధనలకు ఆధారమైన నమూనాల్లో అధిక భాగం యూరప్ మూలాలున్న వారివి. కాకినాడలోనో కరీంనగర్‌లోనో ఉన్న మనిషికి ఆ స్కోరు మరింత తక్కువగా నప్పుతుంది.

మినహాయింపులు లేకపోలేదు. 22వ క్రోమోజోములో ఒక చిన్న ముక్క లోపించే స్థితి ఉంది. అది ఉన్నవారిలో దాదాపు నలుగురిలో ఒకరికి పెద్దయ్యాక స్కిజోఫ్రీనియా తరహా వ్యాధి వస్తుంది. గుండె లోపాలు, అంగిలి చీలిక, చదువులో వెనకబాటు వంటివి తోడుగా ఉంటే వైద్యులు జన్యు పరీక్ష రాయడంలో అర్థం ఉంది. కానీ అలాంటివారు మొత్తం రోగుల్లో చాలా తక్కువ.

ఇంత సందిగ్ధంగా ఉన్న శాస్త్రాన్ని పట్టుకుని కోర్టులు మనుషుల జీవితాలపై తీర్పులు ఇచ్చేశాయి. 1927లో అమెరికా సుప్రీం కోర్టు, క్యారీ బక్ అనే వర్జీనియా యువతికి బలవంతంగా సంతానం కలగకుండా ఆపరేషన్ చేయడం రాజ్యాంగబద్ధమేనని ఎనిమిది మంది న్యాయమూర్తుల మెజారిటీతో తేల్చింది. మూడు తరాల మందబుద్ధులు చాలు అని జస్టిస్ హోమ్స్ రాశాడు. మూడో తరం అంటే క్యారీ కూతురు, అప్పటికి పసిపిల్ల. తర్వాత ఆ పాప బడిలో మంచి మార్కులతో పేరు తెచ్చుకుని ఎనిమిదేళ్లకే జబ్బుతో చనిపోయింది. న్యాయస్థానం చూసింది వంశాన్ని, చూడనిది ఆ పాపను.

జర్మనీలో నాజీ ప్రభుత్వం 1933 జులైలో చేసిన చట్టం ఇంకా ముందుకు పోయింది. స్కిజోఫ్రీనియా, ఉన్మాదం–కుంగుబాటు జబ్బు (బైపోలార్), వంశపారంపర్య మూర్ఛ, హంటింగ్టన్ వంటివి ఉన్నవారికి సంతానం లేకుండా చేయాలని ఇద్దరు వైద్యులు, ఒక న్యాయమూర్తి ఉన్న ప్రత్యేక కోర్టులు నిర్ణయించేవి. సుమారు 4 లక్షల మంది ఆ కత్తికి గురయ్యారు. ఆ చట్టానికి వ్యాఖ్యానం రాసిన ముగ్గురిలో ఒకరు ఎర్న్‌స్ట్ రూడిన్. ఆయన ఆనాటికి మనోవైద్య జన్యుశాస్త్రంలో ప్రపంచస్థాయి పేరున్న పరిశోధకుడు. తర్వాత రోగులను గ్యాస్‌తో చంపడం మొదలైంది. 1940–41లోనే సుమారు 70 వేల మంది. ఇంత ఘోరం చేసి సాధించిందేమిటి? యుద్ధానంతరం జర్మనీలో స్కిజోఫ్రీనియా కొత్త కేసులు తగ్గలేదు. నైతికంగా నేరం అన్నది సరే, ఆ పథకం ఆధారపడిన శాస్త్రమే తప్పు.

సంబంధాలు కుదిర్చేవారికి తెలియని చట్టం

అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలని మన పెద్దలు అంటారు. ఆచరణలో ఆ చూడటమంటే పెళ్లికూతురి మేనమామను ఎప్పుడో ఎర్రగడ్డలోనో విశాఖ మానసిక వైద్యశాలలోనో చూపించారని ఎవరో చెవిలో వేయడం, సంబంధం తప్పిపోవడం. వినోదమేమిటంటే, పరాయి ఇంటి వంశంలో పిచ్చి వెతికే కుటుంబాలే సొంత మేనమామకు పిల్లనివ్వడానికి వెనకాడవు. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లి వల్ల, తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం రెండు కాపీలుగా బిడ్డకు చేరే కొన్ని జబ్బుల ప్రమాదం పెరుగుతుంది. బుద్ధిమాంద్యం, వినికిడి లోపం కలిగించేవి వాటిలో ఉన్నాయి. జన్యుశాస్త్రం తేటగా హెచ్చరించే చోట వినం, సందిగ్ధంగా చెప్పే చోట మాత్రం తీర్పు ఇచ్చేస్తాం.

చట్టం సంగతి చూద్దాం. 1955 నాటి హిందూ వివాహ చట్టం 5వ సెక్షన్, వివాహానికీ సంతానం కనడానికీ తగనంతటి మానసిక రుగ్మత ఉండకూడదనీ, పదే పదే మతిభ్రమణం వస్తూ ఉండకూడదనీ షరతు పెట్టింది. మూర్ఛ కూడా ఆ వరసలో ఉండేది, 1999లో తీసేశారు. ఆ ‘సంతానం కనడానికీ’ అన్న మాటను గమనించండి. కాపురం చేయగలరా లేదా అన్నది ఇద్దరి మధ్య ప్రశ్న. సంతానానికి తగుదురా అనడంలో వంశం గురించిన పాత భయం దాక్కుని ఉంది. మరోవైపు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్, మానసిక వ్యాధికి చికిత్స పేరుతో స్త్రీకైనా పురుషుడికైనా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయడాన్ని నిషేధించింది. రెండు చట్టాలూ ఒకే దేశంలో, ఒకే సమయంలో అమల్లో ఉన్నాయి.

కోర్టులు మాత్రం ఈ సెక్షన్లను చదివే తీరులో చాలా ముందుకు వచ్చాయి. విడాకుల సెక్షన్ 13(1)(iii) గురించి 1988లోనే సుప్రీం కోర్టు, స్కిజోఫ్రీనియా అనే పేరు పెట్టినంత మాత్రాన చాలదని, కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రత ఉందా అన్నదే చూడాలని చెప్పింది. 2013లో మన తెలుగువారి కేసే ఆ కోర్టుకు వెళ్లింది. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లు. భార్యకు స్కిజోఫ్రీనియా ఉందని భర్త విడాకులు కోరాడు. కింది కోర్టు ఇచ్చింది, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రద్దు చేసింది. ఆమె ఎంబీబీఎస్ తర్వాత పీజీ డిప్లొమా కూడా చేసి, ప్రభుత్వ వైద్యాధికారిగా ఉద్యోగం చేస్తూ ఉందని, అంత తీవ్రమైన జబ్బుంటే అది సాధ్యమయ్యేది కాదని హైకోర్టు అంది. సుప్రీం కోర్టు దాన్నే బలపరిచింది. పరీక్ష రిపోర్టు కన్నా ఆమె గడుపుతున్న జీవితానికి ఎక్కువ విలువ ఇచ్చిన తీర్పు అది.

ఇక దాచిపెట్టడం సంగతి. సొంత జబ్బును, వాడుతున్న మందులను దాచి పెళ్లి చేసుకుంటే, ముఖ్యమైన విషయంలో మోసం జరిగిందని 12వ సెక్షన్ కింద పెళ్లిని రద్దు చేయమని కోరవచ్చు. మోసం బయటపడిన ఏడాదిలోపు కోర్టుకు వెళ్లాలి. కోర్టులు అలా రద్దు చేసిన సందర్భాలు ఉన్నాయి. కానీ ఆ సెక్షన్ మాట్లాడేది ప్రతివాదికి సంబంధించిన విషయం గురించి. ఆ అమ్మాయి మేనత్త జబ్బు, ఆ అబ్బాయి బాబాయి జబ్బు చెప్పలేదని పెళ్లి రద్దు చేయమనడం ఆ మాటలను సాగదీయడమే. రేపు ఎవరైనా జన్యు పరీక్ష చేయించుకుని, రిపోర్టు దాచి పెళ్లి చేసుకుంటే? హంటింగ్టన్ జన్యువు ఉన్నట్టు తెలిసి దాచితే అది ముఖ్యమైన విషయమేనని నేనైతే అంటాను. స్కిజోఫ్రీనియా స్కోరు కాస్త ఎక్కువగా ఉందని చెప్పకపోవడాన్ని అదే గాటన కట్టలేం. ఈ రెంటినీ ‘జన్యు లోపం’ అనే ఒకే సంచిలో వేసే న్యాయవాది ఎదురైతే న్యాయమూర్తికి ఈ తేడా తెలిసి ఉండాలి.

మనిషిని ఈ రోజు చూడమన్న చట్టం

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా దగ్గరి ఒక షెడ్డులో గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మానసిక రోగులు మంటల్లో కాలిపోయారు. తప్పించుకునే వీలు లేకపోయింది. 1912 నాటి ఉన్మాదుల చట్టం స్థానంలో వచ్చిన 1987 చట్టం అప్పటికి అమల్లోనే ఉంది. అది ఆసుపత్రుల లైసెన్సులు, చేర్పించే పద్ధతుల గురించి ఎక్కువ, రోగి హక్కుల గురించి తక్కువ మాట్లాడింది. 2007లో వికలాంగుల హక్కుల ఐక్యరాజ్యసమితి ఒడంబడికను భారత్ ఆమోదించాక కొత్త చట్టం తప్పలేదు. అదే 2017 చట్టం. 2018 మే నుంచి అమలవుతోంది.

దాని గుండెకాయ రెండు చిన్న వాక్యాల్లో ఉంది. మానసిక వ్యాధి ఉందని నిర్ధారణ అయినంత మాత్రాన ఆ మనిషిని మతిస్థిమితం లేనివాడిగా పరిగణించకూడదు, అది తేల్చాల్సింది కోర్టు. గతంలో ఎప్పుడో చికిత్స పొందడమో ఆసుపత్రిలో ఉండటమో ఇప్పుడు జబ్బు ఉందనడానికి రుజువు కాదు. ఓటు హక్కు, ఆస్తి రాసివ్వడం, బ్యాంకు లావాదేవీ వంటి వాటిలో “అతను పిచ్చివాడు, సంతకం చెల్లదు” అని అన్నదమ్ములు అడ్డం పడే ప్రతి ఇంటికీ ఈ వాక్యాలు చేరాలి.

ఈ చట్టం నిర్ణయశక్తిని జబ్బు పేరుతో కాకుండా పనితో కొలుస్తుంది. చికిత్స గురించి చెప్పినది అర్థమవుతోందా, ఒప్పుకుంటే ఏమవుతుందో కాదంటే ఏమవుతుందో గ్రహించగలరా, తన నిర్ణయాన్ని మాటతోనో సైగతోనో చెప్పగలరా అని చూస్తారు. నిర్ణయం మనకు తప్పుగా కనిపించినంత మాత్రాన శక్తి లేదని అనకూడదు. శక్తి లేనప్పుడు కూడా ఆసుపత్రిలో చేర్చడానికి షరతులు, గడువులు ఉన్నాయి. మొదటి దఫా 30 రోజులు దాటకూడదు. అత్యవసర చికిత్సకు 72 గంటల పరిమితి. వీటిపై రోగి ఫిర్యాదు చేసుకోవడానికి మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డులు ఉండాలి. ఉండాలని చట్టం చెప్పడానికీ, జిల్లాల్లో అవి నిజంగా పనిచేయడానికీ మధ్య దూరం చాలా ఉంది. ఆ బోర్డు లేకపోతే పై హక్కులన్నీ కాగితం మీదే ఉండిపోతాయి.

కుటుంబాల వైపు నుంచి ఒక కోపం ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. జబ్బు ముదిరిన దశలో “నాకేమీ లేదు” అనడమే జబ్బు లక్షణం అయినప్పుడు, సమ్మతి కోసం ఎదురుచూసే చట్టం తల్లికి క్రూరంగానే కనిపిస్తుంది. రోగి స్వేచ్ఛ గురించి మాట్లాడేవారిలో చాలామంది రాత్రంతా తలుపు దగ్గర కాపలా కూర్చున్నవారు కారు. అయినా ఆ తల్లికి సమాధానం పాత పద్ధతి కాదు. దగ్గర్లో డాక్టరు, ఇంటికి వచ్చే సిబ్బంది, క్రమం తప్పని మందులు ఆమెకు కావాలి. వాటిని అందించడం ప్రభుత్వ బాధ్యత అని 18వ సెక్షన్‌లో ఉంది. డబ్బు కేటాయించనిది చట్టం కాదు, బడ్జెట్.

నేరాల విషయంలో జన్యువు తెచ్చిన గందరగోళం వేరు. 2009లో ఇటలీలోని ట్రియెస్టె అప్పీలు కోర్టు, ఒక హంతకుడిలో దూకుడుతో ముడిపెట్టిన ఎంఏఓఏ జన్యు రూపం ఉందన్న నివేదిక చూసి శిక్షలో ఒక ఏడాది తగ్గించింది. ఆ జన్యు రూపం కోట్లాది పురుషుల్లో ఉంటుంది, వారిలో అత్యధికులు ఎవరినీ చంపరు. పైగా ఈ వాదన రెండు వైపులా పదునున్న కత్తి. “పుట్టుకే అలాంటిది, పాపం” అని ఒక న్యాయమూర్తి శిక్ష తగ్గిస్తే, “పుట్టుకే అలాంటిది, బయట వదలకూడదు” అని ఇంకొకరు పెంచవచ్చు. మన భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ ఈ ఊబిలోకి దిగదు. చేసేటప్పుడు ఆ పని స్వభావం గాని, అది తప్పని గాని తెలుసుకోలేని స్థితిలో ఉన్నాడా అన్నదే ప్రశ్న. సూత్రం 1843 నాటి ఇంగ్లండుది, పాతబడిందని విమర్శలున్నాయి. కానీ వంశాన్ని కాక ఆ క్షణపు మనిషిని చూడమనడంలో అది చాలా కొత్త సిద్ధాంతాల కన్నా నయం.

జన్యువు నిజంగా పనికొచ్చే చోటు

ఇంతవరకు చదివి జన్యు సమాచారం అంటేనే ప్రమాదమని అనుకోకండి. తెలుగు నేలకు బాగా దగ్గరైన ఉదాహరణ ఒకటుంది. తీవ్రమైన కుంగుబాటు వంటి జబ్బులకు ఇచ్చే షాక్ ట్రీట్‌మెంట్‌ను మత్తుమందు, కండరాలను సడలించే మందు లేకుండా ఇవ్వడాన్ని 2017 చట్టం నిషేధించింది. మంచి నియమం. ఆ కండరాల మందుగా సాధారణంగా వాడేది సక్సినైల్‌కోలిన్. కొన్ని నిమిషాల్లో దాన్ని రక్తంలోని ఒక ఎంజైము విరగ్గొట్టేస్తుంది. ఆ ఎంజైము పుట్టుకతో లోపించినవారిలో మందు ప్రభావం గంటల తరబడి నిలిచి, ఊపిరి తీసుకునే కండరాలు కూడా కదలవు. ఈ లోపం వైశ్య సమాజంలో ఇతర సమూహాలకన్నా సుమారు వంద రెట్లు ఎక్కువని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న పరిశోధన 2017లో పేర్కొంది. శతాబ్దాలుగా తమలో తాము పెళ్లి చేసుకోవడం దీనికి కారణం. మత్తు డాక్టర్లు చాలాకాలంగా ఈ సంగతి ఎరుగుదురు. ముందుగా తెలిస్తే వేరే మందు వాడతారు, లేదా ఊపిరి కండరాలు తిరిగి పనిచేసేవరకు వెంటిలేటరుపై ఉంచుతారు.

ఇక్కడ ‘ఏ కులం’ అని డాక్టరు అడగడం వివక్ష కాదు, ప్రాణరక్షణ. అదే సమాచారం ఉద్యోగ దరఖాస్తులోనో బీమా ఫారంలోనో అడిగితే వివక్ష. జన్యువు అదే, మనిషీ అతనే, తెలుసుకున్నవాడు దాన్ని దేనికి వాడతాడన్నదే తేడా. ఉన్మాదం–కుంగుబాటు జబ్బులోనూ మూర్ఛలోనూ వాడే కార్బమజెపీన్ అనే మందు విషయంలోనూ ఇంతే. ఒక జన్యు రూపం ఉన్నవారిలో అది చర్మం ఊడిపోయేంత ప్రమాదకరమైన చర్యను తేగలదని, ఆసియా మూలాలవారికి ముందే పరీక్ష చేయాలని అమెరికా ఔషధ సంస్థ 2007లో హెచ్చరించింది. రోగం వస్తుందా అని జోస్యం చెప్పడం కన్నా, ఏ మందు ఎవరికి పడదో చెప్పడంలో జన్యుశాస్త్రం మనోవైద్యానికి నేటికి ఎక్కువ మేలు చేస్తోంది.

బీమా దగ్గరికి వద్దాం. మానసిక వ్యాధుల చికిత్సకు శారీరక వ్యాధులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 చట్టం 21(4) చెబుతుంది. 2021లో ఒక బీమా సంస్థ తన పాలసీలో మానసిక చికిత్సకు 50 వేల రూపాయల గరిష్ఠ పరిమితి ఉందంటూ మిగతాది ఇవ్వనంటే, ఢిల్లీ హైకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. అంతకు మూడేళ్ల ముందు అదే కోర్టు, పాలసీల్లో ‘జన్యు రుగ్మతలు’ అంటూ టోకున మినహాయించడం రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది. చాలా రకాల జబ్బుల్లో ఏదో ఒక జన్యు పాత్ర ఉంటుంది కాబట్టి ఆ మాటతో దేన్నైనా ఎగ్గొట్టవచ్చన్నది తర్కం. ఆ వ్యవహారం తర్వాత సుప్రీం కోర్టుకు వెళ్లింది. 2019లో బీమా నియంత్రణ సంస్థ మార్గదర్శకాలు ఆరోగ్య పాలసీల్లో మానసిక వ్యాధులను, జన్యు రుగ్మతలను మినహాయించకూడదన్నాయి. కానీ మినహాయించకూడదనడం వేరు, ఫలితం చూసి ప్రీమియం పెంచకూడదనడం వేరు. జన్యు సమాచారం ఆధారంగా వివక్షను నిషేధిస్తూ అమెరికా 2008లో చట్టం చేసింది. దానిలోనూ జీవిత బీమా లేదు. మనకు అలాంటి ప్రత్యేక చట్టమే లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం జన్యు సమాచారాన్నో మానసిక ఆరోగ్య సమాచారాన్నో ప్రత్యేకంగా సున్నితమైనదిగా వేరు చేయలేదు.

ఇంటికే వచ్చే కిట్టులో లాలాజలం ఉమ్మి పంపితే వ్యాధుల జాబితా ఫోనుకు పంపే సంస్థలు వచ్చేశాయి. అమెరికాలో కొన్ని సంస్థలు పిండాలకే మానసిక వ్యాధుల స్కోరు లెక్కగట్టి అమ్ముతున్నాయి. మన 2021 నాటి సంతాన సాఫల్య సాంకేతికత చట్టం, ముందే తెలిసిన వంశపారంపర్య లేదా జన్యు వ్యాధుల కోసం మాత్రమే పిండాలను పరీక్షించవచ్చంటుంది. హంటింగ్టన్ ఆ వర్ణనలో సరిగ్గా ఇముడుతుంది. వందల జన్యువుల స్కోరు ఇమడదనే నా అభిప్రాయం, కానీ ఆ మాట నిబంధనల్లో స్పష్టంగా రాయాలి. లేకపోతే వ్యాపారం ముందు నడిచి, చట్టం వెనక పరిగెడుతుంది.

అప్పటిదాకా కుటుంబాలు చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. పెద్దలకు వచ్చే జబ్బు కోసం పిల్లలకు పరీక్ష చేయించకండి. పెరిగాక తెలుసుకోవాలో వద్దో వాళ్లే నిర్ణయించుకుంటారు. హంటింగ్టన్ ప్రమాదం ఉన్నవారిలో కూడా చాలామంది పరీక్ష వద్దనే అనుకుంటారు, ఆ హక్కు వారిది. మానసిక వ్యాధి ఉన్న మనిషి బాగున్న రోజుల్లోనే, తనకు ఎలాంటి చికిత్స కావాలో వద్దో రాసుకుని సమీక్షా బోర్డు దగ్గర నమోదు చేయించవచ్చు. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని తెల్లకాగితం మీద సంతకంతోనో వేలిముద్రతోనో నియమించుకోవచ్చు. దాంతోపాటు ఇంకో కాగితం కూడా రాసి డాక్టరుకు ఇవ్వమని నేను చెబుతాను: నా జన్యు పరీక్ష ఫలితం నా పిల్లలకు, తోబుట్టువులకు చెప్పవచ్చా, ఎవరికి, ఎప్పుడు చెప్పాలి అని. ఆ సమ్మతి ఉంటే, 23వ సెక్షన్‌లోని ‘హాని’కి అర్థమేమిటని కోర్టులో వాదించుకునే అవసరం ఆ ఇంటికి రాదు.